కేతు కోటవాకిలి

కేతువనగానే మనకు జ్ఞప్తికి వచ్చునది నవగ్రహములలో కడపటిది. ఈ ప్రసంగమునకు వస్తువైన కేతు ఆకాశమున నుండునది కాదు. అది పశ్చిమాఫ్రికాలో, బెనిన్ దేశపు ఆగ్నేయభాగమున, ఎర్రమట్టి పీఠభూమిపై వెలసిన ఒక పాత పట్టణము. సముద్రతీరమునకు సమీపముననున్న పోర్తోనోవో నగరము నుండి ఉత్తరముగా సుమారు 100 కిలోమీటర్లు పోయినచో కేతు చేరుదుము. తూర్పున కొలది దూరముననే నైజీరియా సరిహద్దు. పడమట వేమే నది. ఆ నదికి ఆవల, సుమారు 70 కిలోమీటర్ల దూరమున, ఒకప్పటి దహొమే రాజ్యమునకు రాజధానియైన అబొమే. ఇట్లు రెండు లోకముల నడుమ నుండుటయే కేతు భాగ్యమునకును, దౌర్భాగ్యమునకును కూడ మూలమైనది.

బెనిన్ దేశమునకు పూర్వనామము దహొమే. ఫ్రెంచి ఏలుబడి నుండి 1960 ఆగస్టు 1న స్వతంత్రమై, 1975లో బెనిన్ అను పేరు తాల్చినది. ఆ దేశము స్థానిక పరిపాలనకై 77 కమ్యూనులుగా విభజింపబడియున్నది. కమ్యూను అనగా ఒక పట్టణము, దాని చుట్టునున్న పల్లెలు, పొలములు, అడవులు అన్నియు కలిసిన విభాగము. కేతు అట్టి కమ్యూనులలో నొకటి. 2013 జనాభా లెక్కల ప్రకారము అందు లక్షన్నరకు పైగా జనులున్నారు. వారిలో అధికులు యోరుబా జాతివారు. వారి ముఖ్యవృత్తులు రెండే: సేద్యము, సంతబేరము. ఇట్టి ఊరికి ఏమి చరిత్ర యుండునని అనుకొనవచ్చును. కాని రాజులు కట్టించిన కోట ఏమి కాపాడగలదు, కర్షకుల పొలము ఏమి కాపాడగలదు అను ప్రశ్నకు కేతువలె స్పష్టమైన సమాధానము చెప్పిన పట్టణములు అరుదు.

యోరుబాల పుణ్యక్షేత్రము ఇలె-ఇఫె. వారి రాజవంశములన్నియు అచ్చటనుండియే బయలుదేరినవని ఐతిహ్యము. కేతు రాజవంశమును అట్లే పడమటికి తరలి, కొన్ని తరములు అరో అను చోట నివసించి, ఏడవ రాజైన ఎదె కాలమున ప్రస్తుత స్థలమునకు చేరెనందురు. ఒక పెద్ద ఇరోకో వృక్షము నీడన ఆ బాటసారులు విడిసిరట. వారియొద్ద నిప్పు లేదు. సమీపమున అంతకుముందే నివసించుచుండిన యా బొకొలో అను స్త్రీ వారికి నిప్పు నిచ్చినదని కథ. క్రొత్త రాజు పట్టాభిషేకపు తంతులలో నేటికిని ఆమె పేరు తలచుట కలదు. ఎంత గొప్ప వంశమైనను పొరుగింటి నిప్పుతోనే పొయ్యి రాజేసికొన్నదని ఒప్పుకొను చరిత్ర ఇది. అందుచేతనే వినసొంపుగా నున్నది.

పట్టణమునకు ఆ పేరు వచ్చుటకు కారణముగా మరియొక కథ చెప్పుదురు. గూనివాని వీపుపైనున్న గూనును చక్కజేయగలవాడెవ్వడు, ఈ ఊరిని కూల్చగలవాడెవ్వడు అను అర్థము గల ప్రశ్న నుండి కేతు అను పేరు పుట్టినదట. అనగా ఊరిపేరే శత్రువునకు ఒక సవాలు. ఆ సవాలునకు సమాధానము 1886లో వచ్చెను. అంతకుముందు చెప్పవలసిన విషయములు కొన్ని కలవు.

ఈ కథలన్నియు మనకెట్లు దక్కినవి? కేతు నందు చరిత్రను ధారణ చేయుటకు బాబా ఎలెగున్ అను ఉద్యోగి ఉండెడివాడు. అది ఒక కుటుంబమునకు వంశపారంపర్యముగా వచ్చు పదవి. తండ్రి కొడుకునకు నోటితో నేర్పవలెను. క్రొత్త రాజు సింహాసన మెక్కునపుడు బాబా ఎలెగున్ పూర్వరాజుల చరిత్రను మొదటినుండి తప్పు లేకుండ వినిపింపవలెను. వ్రాతపుస్తకము లేని చోట మనుష్యుని కంఠమే గ్రంథాలయము. రాజవంశపు శాఖలైదు: అలపిని, మాగ్బో, అరో, మేషా, మేఫు. అలకేతు అనబడు రాజు ఈ ఐదు శాఖలనుండియు వంతుల చొప్పున ఎన్నుకొనబడును. ఒకే ఇంటివారు అధికారమును తమ సొత్తుగా చేసికొనకుండుటకు పూర్వులు చేసిన ఏర్పాటిది. జెఫ్రీ పారిండర్ అను ఆంగ్ల పండితుడు ఇట్టి మౌఖిక చరిత్రను సేకరించి, కేతు చరిత్రమును 1956లో పుస్తకరూపమున ప్రకటించెను.

ఇక కోట. పట్టణము చుట్టు ఎత్తైన మట్టి ప్రాకారము, దాని వెలుపల లోతైన కందకము ఉండెడివి. వీనిని కట్టించినవాడు సా అను రాజని ప్రతీతి. ప్రాకారమునకు ప్రధానద్వారము పేరు అకబా ఇదెనా. అది ఒక వాకిలి కాదు, రెండు వాకిళ్ళు. వెలుపలి ద్వారము దాటినవాడు నేరుగా ఊరిలో ప్రవేశింపడు. నడుమనున్న మండపమువంటి చోట నిలువవలెను. కావలివారు వాని మంచిచెడ్డలు విచారించిన పిమ్మటనే లోపలి తలుపు తెరచుకొనును. ద్వారము క్రింద మంత్రశక్తులు నిక్షేపింపబడినవనియు, చెడు తలపుతో వచ్చినవాడు దానిని దాటలేడనియు జనుల విశ్వాసము. ద్వారము నేటికిని నిలిచియున్నది. దానికి పూజలు జరుగుచునే యున్నవి.

కాని కేతు ప్రజల జీవితము కోట లోపల సాగునది కాదు. యోరుబా కర్షకుని ఇల్లు పట్టణమున నుండును, పొలము దూరమున నుండును. అడవిని కొట్టి, కాల్చి, కొన్నేండ్లు సాగుచేసి, నేల అలసిపోగా బీడు విడిచి, మరియొక చోటికి పోవుట పూర్వపు పద్ధతి. పనుల కాలమున రోజుల తరబడి పొలమువద్ద పాకలలోనే నివసించి, పండుగకో పబ్బమునకో ఊరికి వచ్చెడివారు. ఈ ప్రదేశమున ఏటికి రెండు వానకాలములు. మార్చి నుండి జులై వరకు పెద్దవానలు, సెప్టెంబరు నుండి నవంబరు వరకు చిన్నవానలు. అందుచే మొక్కజొన్న ఏటికి రెండు పంటలు తీయవచ్చును. పెండలము వారికి అన్నమువంటిది. అమెరికా ఖండమునుండి వచ్చిన కర్రపెండలము, వేరుసెనగ, మిరప క్రమముగా ఆ పొలములకు చుట్టములైనవి. అలసందలు, ప్రత్తి కూడ పండింతురు. నీటికి మాత్రము ఇబ్బంది ఎక్కువ. పీఠభూమిపై జలము చాల లోతున నుండును. వాననీటిని తొట్లలో దాచుకొనుట ఆ ఊరివారికి పాతపాఠము.

పొలమున పండినది సంతకు రావలెను. యోరుబాల వారమునకు నాలుగు రోజులే. ఆ నాలుగు రోజులును నాలుగు దేవతలకు చెందినవి. సంతలు ఆ లెక్కననే తిరుగును. నేడు ఒక ఊర జరిగిన సంత ఐదవనాడు మరల అచ్చటికే వచ్చును. నడుమ రోజులలో పొరుగూళ్ళ సంతలు. ఈ విధముగా సంతలన్నియు ఒక హారములోని పూసలవలె కూర్పబడి, చుట్టుప్రక్కల ప్రదేశమునంతను కలిపియుంచును. సంత నడుపువారు స్త్రీలు. పురుషుడు పండించును, స్త్రీ అమ్మును. భర్తవద్ద పంట కొని, దానిపై వచ్చిన లాభమును తనదిగా ఉంచుకొను ఇల్లాండ్రు అచ్చట సామాన్యము. కర్రపెండలపు దుంపలను తురిమి, పులియబెట్టి, నీరు పిండి, పెనముపై వేయించిన రవ్వను గారీ యందురు. నిలువ చెడదు, వేడినీరు పోసినంతనే తినవచ్చును. ఆ గారీ, ఎర్రని పామాయిలు, పులిసిన గింజల మసాలా ముద్దలు, కుండలు, నేతబట్టలు సంతలో వరుసలు దీరియుండును. ఏ సరుకు వారికి ఆ వరుస. ఆ వరుసకొక పెద్దమ్మ. తగవు వచ్చినచో ఆమెదే తీర్పు.

ఆ సంతలో చెల్లిన నాణెము మనదేశపు చరిత్రకు ఎంతో దగ్గరిది. అది గవ్వ. మాల్దీవుల కడలిలో దొరకు గవ్వలు ఓడలలో వంగదేశపు రేవులకు వచ్చి, అచ్చటినుండి ఐరోపా వర్తకుల ఓడలకెక్కి, గినీ తీరమున దిగెడివి. మన కోరమాండల్ తీరపు నేతగాండ్రు నేసిన బట్టలు కూడ ఆ ఓడలలోనే పోయెడివి. యోరుబా సంతలో 40 గవ్వలు ఒక దండ, 50 దండలు ఒక తల, అనగా 2000 గవ్వలు. పది తలలు ఒక బస్తా. ఒక బస్తా గవ్వలను మోయుటకు ఒక మనుష్యుడు కావలెను. ఇంత దూరము వచ్చిన గవ్వలకును, బట్టలకును మారుగా ఆ తీరమున ఇచ్చినది ఎక్కువగా ఏమి? మనుష్యులను. ఈ మాట చెప్పక ఆ వర్తకపు చరిత్ర చెప్పుట న్యాయము కాదు.

దహొమే రాజ్యము 18వ శతాబ్దమున తీరమునందలి విదా రేవును వశము చేసికొని, బానిసల వర్తకమున ప్రబలమయ్యెను. పొరుగుదేశములపై ఏటేట దండెత్తి, పట్టుబడినవారిని అమ్ముట దాని రాజనీతియయ్యెను. 1789లో దహొమే సేన కేతు రాజ్యముపై పడెను. విజయము తమదేయని ఇరుపక్షములవారు చెప్పుకొనిరి. విజయమెవ్వరిదైనను బందీలై పోయినవారు పోయిరి. అట్టివారు బ్రెజిల్ దేశమునందలి బాహియా రాష్ట్రమున తేలిరి. ఆ దేశపు ఆఫ్రికన్ ఆరాధనా సంప్రదాయమగు కాందోంబ్లేలో నేటికిని కేతు అను పేరుగల శాఖ ప్రధానమైనది. సాల్వడోర్ నగరమున అలకేతు పేరనే ఒక ఆరాధనా మందిరము కలదు. దాని స్థాపకురాలు కేతు రాజవంశపు అరో శాఖకు చెందిన ఆడపడుచని అచ్చటి పరంపర. ఊరు పోగొట్టుకొన్నవారు ఊరిపేరును సముద్రము దాటించి దాచుకొనిరి. అట్లని కేతువారు కేవలము నిరపరాధులని చెప్పరాదు. ఆ కాలపు ఇతర యోరుబా పట్టణములవలెనే కేతు నందును బానిసలుండిరి.

1851లో బోవెన్ అను అమెరికా దేశపు బాప్టిస్టు మతప్రచారకుడు కేతు వచ్చెను. 1853లో శామ్యూల్ క్రౌథర్ వచ్చెను. ఈ క్రౌథర్ కథ గమనింపదగినది. ఆయన యోరుబా బాలుడు. 1821లో బానిసల వేటగాండ్రకు చిక్కి, ఓడపై అమ్ముడుపోవుచుండగా బ్రిటిషు నౌకాదళముచే విడిపింపబడి, చదువుకొని, 1864లో బిషప్పు అయ్యెను. ఇట్టి వ్యక్తి కేతు కోటవాకిలి దాటి లోనికి వచ్చి, అలకేతునితో తమ భాషలోనే ముచ్చటించుట ఆ కాలపు విచిత్రములలో నొకటి. అప్పటికి కేతు సంత జనసమ్మర్దముతో నుండెను. ప్రాకారము దృఢముగా నుండెను. ఊరిపేరులోని ప్రశ్నకు సమాధానము చెప్పువాడు ఇంకను రాలేదు.

వచ్చినవాడు దహొమే రాజు గ్లెలె సేనాని. తూర్పుననున్న అబెయోకుతా నగరముపై దహొమే 1851లోను, 1864లోను దండెత్తి, రెండుసార్లును ఓడిపోయెను. ఓటమి చెందిన సేన దృష్టి దగ్గరనున్న కేతుపై నిలిచెను. 1883 ప్రాంతమున జరిగిన పోరులో అలకేతు ఓజెకు హతుడయ్యెను. పిమ్మట 1886లో దహొమే సేన, అందలి ప్రఖ్యాతమైన స్త్రీ యోధులతో కూడ, కేతును చుట్టుముట్టెను.

ఇచ్చట శ్రోతలు ఒక విషయము గమనింపవలెను. ఆ సేన ప్రాకారమును పడగొట్టి ఊరు పట్టలేదు. దానికి ఆ అవసరమే లేకపోయెను. కోట లోపల ఇండ్లున్నవి, పొలములు లేవు. శత్రువు పొలములకును ఊరికిని నడుమ కూర్చుండెను. విత్తినవాడు కోయుటకు పోలేడు. కోసినది సంతకు రాలేదు. నెలలు గడచెను. గాదెలు అడుగంటెను. ఊరిపెద్దలు సంధిమాటలకై వెలుపలికి పోగా, వారిని నమ్మించి బంధించిరని స్థానిక చరిత్ర చెప్పును. ఆపై ఊరు వారి వశమయ్యెను. ఇండ్లు తగులబడెను. చంపబడినవారు చంపబడగా మిగిలినవారు అబొమేకు నడిపింపబడిరి. అట్లాంటిక్ దాటించు బానిసల వర్తకము అప్పటికే అంతరించినది. కావున ఈ బందీలలో పలువురు దహొమే రాజ్యములోనే బలవంతపు చాకిరికి గురియైరి. మంత్రబద్ధమైన ద్వారము ద్వారముగానే నిలిచెను. దాని వెనుక కాపాడుటకు ఊరు మాత్రము లేదు.

ఇంతలో మరియొక విచిత్రము జరిగెను. 1889 ఆగస్టు 10న పారిస్‌లో ఆంగ్లేయులును, ఫ్రెంచివారును కూర్చుండి పశ్చిమాఫ్రికా పటముపై గీతలు గీసికొనిరి. ఆ గీత కేతు రాజ్యమును నిలువున చీల్చెను. కేతు పట్టణము ఫ్రెంచివారి వంతునకు వచ్చెను. తూర్పుననున్న మేకో మొదలగు ఊళ్ళు ఆంగ్లేయుల వంతునకు పోయెను. ఆనాడు కేతు పాడుపడియుండెను. రాజు లేడు, అడుగువాడు లేడు. యజమాని పరదేశమున బందీయై యుండగా ఇల్లు పంచుకొన్నట్లున్నది ఆ పంపకము.

1892 నవంబరులో ఫ్రెంచి సేనలు అబొమేలో ప్రవేశించెను. 1894 జనవరిలో దహొమే రాజు బెహాంజిన్ లొంగిపోయెను. ఈ మార్పు నడుమ, 1893లో, కేతు బందీలకు విముక్తి లభించెను. వారు తిరిగి వచ్చిరి. ఏడేండ్ల క్రింద నడిపింపబడి పోయిన బాటనే తిరిగి నడచి వచ్చిరి. ఊరున్న చోట గడ్డియు పొదలును పెరిగియుండెను. ఇతర యోరుబా పట్టణములకు పారిపోయి బ్రతికినవారు కూడ వచ్చి కలిసిరి. 1894లో ఒన్యెగెన్ అలకేతుగా ప్రతిష్ఠింపబడెను. తిరిగివచ్చినవారు మొదట చేయవలసినది కోట కట్టుట కాదు. అడవి కొట్టి, మొక్కజొన్న చల్లి, పెండలపు తీగలు నాటవలెను. పంట చేతికి రాగానే సంత. సంత జరిగినచో బంధువులు కలియుదురు, తప్పిపోయినవారి సమాచారము తెలియును. ప్రాకారము మరల పూర్వపు స్థితికి రానేలేదు. ఊరు మాత్రము వచ్చెను.

ఫ్రెంచి పాలన సుఖమైనదని చెప్పుటకు వీలులేదు. పన్నులు, వెట్టిచాకిరి, సైన్యపు భర్తీ ఆ పేదజనులపై పడెను. అలకేతు ఒన్యెగెన్ వార్ధక్యమున చూపు కోల్పోగా, ఫ్రెంచివారు ఆయన భార్యయైన అలబా ఇదాను తమ తరఫున అధికారిణిగా చేసిరి. పన్నును, జనమును వసూలు చేయు భారము ఆమెపై పడుటచే ఊరిలో అసంతృప్తి ప్రబలెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున సైన్యమునకు మనుష్యులను పట్టుకొనిపోవుచుండగా, కేతు యువకులు, కొన్ని చోట్ల కుటుంబములకు కుటుంబములే, సరిహద్దు దాటి నైజీరియాలోని చుట్టముల యిండ్లకు చేరిరి. ఆయుధము పట్టి తిరుగబడు శక్తి లేనివారికి ఊరు విడిచి పోవుటయే తిరుగుబాటు. తమను చీల్చుటకు గీసిన గీతనే వారు తమకు రక్షగా చేసికొనిరి. గీతకు ఇరుప్రక్కల ఉన్నది ఒకే భాష, ఒకే వంశము. సంతరోజున ఆ గీతను దాటని కాళ్ళు అరుదు.

ఈ పట్టణపు జీవనమునకు అద్దము పట్టు కళ గెలెదె. ఇది పుట్టిన చోటు కేతుయేయని ప్రతీతి. పంటలు ఇంటికి వచ్చిన పిమ్మటను, అనావృష్టి గాని మహమ్మారి గాని సంభవించినపుడును దీనిని జరుపుదురు. రంగస్థలము తరచుగా సంతమైదానమే. చెక్కతో చెక్కి రంగులు పూసిన ముసుగులను తలపై ధరించి పురుషులు నర్తింతురు. కాని ఆ నర్తనము స్త్రీల గౌరవార్థము. తల్లుల శక్తి ప్రసన్నమైనచో లోకము చల్లగా నుండునని, ఆగ్రహించినచో సర్వము చెడునని వారి నమ్మకము. రాత్రివేళ పాటలలో ఊరి తప్పులు, పెద్దల లోపములు వ్యంగ్యముగా ఎత్తిచూపబడును. పగలు సంత నడపిన తల్లులకు రాత్రి ఊరంతయు మ్రొక్కుట ఎంత ఉచితము! యునెస్కో సంస్థ 2001లో గెలెదెను మానవజాతి మౌఖిక వారసత్వపు మేటి కళాఖండములలో చేర్చి, 2008లో ప్రతినిధి జాబితాకు ఎక్కించెను.

నేటి కేతు కమ్యూనునకు ఎన్నుకోబడిన పాలకమండలి కలదు. 2002 డిసెంబరు, 2003 జనవరి నెలలలో జరిగిన స్థానిక ఎన్నికలతో దేశమంతట ఈ పద్ధతి వచ్చినది. అలకేతు పీఠమును నిలిచియున్నది. సేద్యమును, సంతయు పూర్వమువలెనే ఊరికి రెండు కాళ్ళు. మొక్కజొన్న, గారీ, అలసందలు బస్తాలకెక్కి దక్షిణపు నగరములకును, సరిహద్దు దాటి నైజీరియాకును పోవును. 2019 ఆగస్టులో నైజీరియా ప్రభుత్వము తన భూసరిహద్దులను మూసివేసి, 2020 డిసెంబరులో గాని తెరువనారంభింపలేదు. బెనిన్ దేశపు రైతులును, సంతబేరము చేయు స్త్రీలును ఆ పదహారు నెలలు చాల నష్టపోయిరి. పొలమునకును సంతకును నడుమ ఎవ్వరో వచ్చి కూర్చుండిన యెడల ఏమగునో తమ ముత్తాతలవలన విన్న జనులు వారు.

గోడవలన శత్రువు కొంతకాలము ఆగును. కాని గోడ పంట పండింపదు. కేతు రాజులు కట్టించిన ప్రాకారము 1886లో ఊరిని నిలుపలేకపోయెను. 1893లో వట్టిచేతులతో వచ్చినవారు విత్తనముతోను, సంతతోను ఊరిని నిలిపిరి. ఊరిపేరులోని పాతప్రశ్నకు ఆ విధముగా రెండవ సమాధానము కూడ దొరకినది. కూల్చినవాడు ఉన్నాడు. తిరిగి కట్టినవారును ఉన్నారు. శ్రోతలు ఇకమీదట కేతు అను పేరు విన్నపుడు గ్రహముతోపాటు ఈ పట్టణమును కూడ ఒక్కసారి స్మరింపగలరని ఆశింతును.